గ్రూపు ఖాయమైతే కెరీర్‌కు రెడీ అయినట్టేనా? టెన్త్ పిల్లల నిర్ణయం వెనక అసలేం జరుగుతోంది?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎన్ని మార్కులు అని అడగడం అయిపోగానే రెండో ప్రశ్న రెడీ.. "మరి ఏ గ్రూపు?" తడుముకోకుండా "ఎంపీసీ, తర్వాత సీఎస్ఈ" అని చెప్పే పిల్లాడిని చూసి మావయ్యలు, బాబాయిలు భలే క్లారిటీ ఉందే అని మెచ్చుకుంటారు. "ఇంకా ఆలోచిస్తున్నా" అన్న అమ్మాయికి మాత్రం అరగంట క్లాసు తప్పదు. అయితే టీనేజ్ పిల్లల మనస్తత్వంపై జరిగిన పరిశోధనలు చూస్తే లెక్క తిరగబడుతుంది. టకీమని జవాబిచ్చిన ఆ పిల్లాడే కెరీర్‌కు తక్కువ సిద్ధంగా ఉండొచ్చు.

12 నుంచి 18 ఏళ్ల మధ్య 'నేనెవరు, ఏం కావాలి' అన్న ప్రశ్నే ప్రధానంగా ఉంటుందని సైకాలజిస్ట్ ఎరిక్ ఎరిక్సన్ చెప్పారు. ఆ ఆలోచనను 1966లో జేమ్స్ మార్సియా ముందుకు తీసుకెళ్లారు. ఆయన రెండే విషయాలు చూశారు. ఒకటి, ఆ కుర్రాడు రకరకాల దారులను నిజంగా వెతికి చూశాడా? రెండు, ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా? వెతక్కుండానే కట్టుబడిపోయిన వాళ్లు ఒక రకం. అమ్మానాన్నల నిర్ణయాన్నే తమ నిర్ణయంగా మోసే పిల్లలు వీళ్లే. బయటికి చాలా ధైర్యంగా కనిపిస్తారు. ఏ ఎంట్రన్స్‌లోనో ర్యాంకు రాకపోతే మాత్రం రెండో ఆలోచన ఏదీ ఉండదు. ఎందుకంటే మొదటి ఆలోచన కూడా వాళ్లది కాదు.

ఇంకా ఆలోచిస్తున్నానన్న అమ్మాయి వెతుకులాటలో ఉంది. నలుగురిని అడుగుతూ, పోల్చి చూసుకుంటూ ఉంటే ఆ దశ ఆరోగ్యకరమైనదే. వెతకకుండా, దేనికీ కట్టుబడకుండా ఉన్నవాళ్ల సంగతి వేరు. నిజంగా పట్టించుకోవాల్సింది వాళ్లనే. బయటి నుంచి చూసేవాళ్లకు ఇద్దరూ ఒకేలా కనిపించడంతో ఇద్దరికీ ఒకే తిట్లు పడతాయి.

అడిగేలోపే లిస్టు సగం అయిపోతుంది

ఏమవుతావు అని పదిహేనేళ్లప్పుడు అడుగుతారు కానీ, అప్పటికే పిల్లలు చాలా ఉద్యోగాలను మనసులోనే కొట్టేసి ఉంటారు. అమెరికా పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ఈ విషయాన్నే సిద్ధాంతంగా వివరించారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో 'ఇది ఆడవాళ్ల పని, అది మగవాళ్ల పని' అంటూ కొన్ని పోతాయి. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య 'ఇది పరువైన పని, అది కాదు' అంటూ ఇంకొన్ని పోతాయి. 'నాకేది ఇష్టం' అన్న ప్రశ్న పద్నాలుగేళ్లు దాటాకే వస్తుంది. అప్పటికి మిగిలేది చిన్న లిస్టు.

మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో చూడటానికి సర్వే అక్కర్లేదు. "ఆడపిల్లకి మెకానికల్ ఎందుకమ్మా", "మగపిల్లాడివి, నర్సింగ్ ఏంట్రా" లాంటి మాటలు అన్నం తినేటప్పుడు మామూలుగా దొర్లిపోతాయి. "సరిగా చదవకపోతే ఐటీఐలో పడేస్తా" అని బెదిరించే నాన్నే, ఏసీ బాగు చేసే మనిషి దొరక్క వారం రోజులు తిరుగుతుంటాడు. గ్రామీణ ప్రాంతాల్లో 14-18 ఏళ్ల వారిపై జరిగిన అసర్-2023 సర్వేలో వృత్తి శిక్షణ లాంటి కోర్సుల్లో ఉన్నవారు 5.6 శాతమే. సైన్స్, ఇంజినీరింగ్ వైపు ఉన్న అబ్బాయిలు 36.3 శాతం కాగా, అమ్మాయిలు 28.1 శాతం.

ఇది మన దగ్గరే ఉన్న సమస్య కూడా కాదు. ఓఈసీడీ 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 41 దేశాల్లో 15 ఏళ్ల అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం కేవలం పది రకాల ఉద్యోగాల పేర్లే చెప్పారు. ఆ లెక్కలు తీసిన సర్వేలో మన దేశం లేదు. ఉండి ఉంటే పది కూడా ఎక్కువేనేమో!

కళ్ల ముందు ఎవరున్నారు?

'ఇది నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్ వివరించారు. తాను స్వయంగా చేసి గెలవడం అన్నిటికన్నా బలమైన కారణం. తనలాంటి మనిషి చేయడం చూడటం మరొకటి. ఊళ్లో పెరిగే అమ్మాయికి టీచర్, ఏఎన్ఎం, కానిస్టేబుల్, బ్యాంకు ఉద్యోగి కనిపిస్తారు. కరోనా టైంలో ల్యాప్‌టాప్‌తో ఊరికొచ్చిన సాఫ్ట్‌వేర్ అన్నయ్య కూడా కనిపించాడు. కానీ ఆర్కిటెక్ట్, జియాలజిస్ట్, ఫుడ్ టెక్నాలజిస్ట్ ఎక్కడ కనిపిస్తారు? చూడని పనిని కోరుకోవడం కష్టం.

మాటలు కూడా లోపలికి దిగుతాయి. ఏడో తరగతిలో ఒక యూనిట్ టెస్ట్ పోయినప్పుడు "లెక్కలు నీ వల్ల కాదు" అన్న ముద్ర పడితే, టెన్త్ తర్వాత ఆ పిల్ల బైపీసీ వైపు వెళ్తుంది. బయాలజీ ఇష్టమై కాదు, లెక్కలు తప్పుతాయని! అక్కడా ఫిజిక్స్‌లో లెక్కలు ఎదురవుతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. దీనికితోడు కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు టెన్త్ పరీక్షలకు ముందే ఇంటికొచ్చి సీటు రిజర్వ్ చేయించుకుంటారు. ఫీజు రాయితీ అనగానే అడ్వాన్స్ కట్టేస్తారు. ఇక పిల్లలు మనసు మార్చుకోవాలన్నా 'డబ్బులు కట్టేశాం కదా' అన్న మాట అడ్డం పడుతుంది.

మరి రెడీగా ఉన్నారని ఎలా తెలుస్తుంది? గ్రూపు పేరు అడిగితే తెలియదు. ఆ ఉద్యోగంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు, అనుకున్న సీటు రాకపోతే ఏం చేస్తావు, ఈ పని చేసే మనిషితో ఒక్కసారైనా మాట్లాడావా.. ఇవి అడగాలి. చాలా ఏళ్ల పాటు ఒకే విద్యార్థులను గమనించిన అధ్యయనాలను ఓఈసీడీ 2021లో పరిశీలించింది. టీనేజ్‌లోనే ఉద్యోగాల గురించి పెద్దవాళ్లతో మాట్లాడిన, పనిచేసే చోట్లకు వెళ్లి చూసిన పిల్లలకు తర్వాత ఉపాధి విషయంలో మెరుగైన ఫలితాలు కనిపించాయి. దీనికి ఫీజు ఏమీ ఉండదు. వేసవి సెలవుల్లో పక్క వీధి మెడికల్ షాపులోనో, తెలిసిన ఆడిటర్ ఆఫీసులోనో నాలుగు రోజులు కూర్చున్నా చాలు.

ఇప్పుడు తప్పు చేస్తే జీవితమే పోతుందన్న భయం ఇంకో సమస్య. నిజానికి దారులు అంతలా మూసుకుపోవు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా లాసెట్‌తో ఐదేళ్ల లా కోర్సుకు వెళ్లొచ్చు. ఎంపీసీ వాళ్లకూ బీఫార్మసీ ఉంది. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఈ సంగతి గ్రూపు ఎంచుకోకముందే పిల్లలకు తెలిస్తే, భయంతో తీసుకునే నిర్ణయాలు కొన్నైనా తగ్గుతాయి.

రిజల్ట్స్ టైంలో పిల్లలు నిద్రపోకపోయినా, మాట్లాడటం మానేసినా, 'నేనెందుకూ పనికిరాను' లాంటి మాటలు అంటున్నా గ్రూపు సంగతి పక్కన పెట్టి ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.