కొండకు ముందు చిత్రం

చిత్రకారుడు ముందు కొండను చూస్తాడు. పిమ్మట దానిని పటం మీదికి తెస్తాడు. ఇది లోకమెరిగిన క్రమం. 1891లో జర్మనీలో జన్మించిన మాక్స్ ఎర్నస్ట్ విషయంలో ఈ క్రమం తలక్రిందయింది. ఆయన ఎడారి శిలలను ముందే చిత్రించాడు. అటువంటి శిలలు నిజంగా భూమి మీద ఉన్నవని పిమ్మట కనుగొన్నాడు. దీనిని దివ్యదృష్టి అనటం సులభం. కాని ఇందులో మహిమ ఏదీ లేదు. ఆయన రంగును మలచిన తీరు, ప్రకృతి రాతిని మలచిన తీరు ఒక్కటి కావటమే ఇందలి రహస్యం.

ఎర్నస్ట్ కుంచె నొక్కదానినే నమ్ముకొన్నవాడు కాడు. 1925లో ఫ్రాన్సు సముద్రతీరాన పోర్నిక్ అనే ఊరి సత్రంలో, అరిగి గీతలు తేలిన చెక్కనేల ఆయన దృష్టి నాకర్షించింది. దాని మీద కాగితం పరచి నల్లసీసంతో రుద్దాడు. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, పిల్లలు బొమ్మ దింపుకొనే ఆట వంటిదే ఇది. ఆ గరుకుదనంలో ఆయనకు అడవులు, పక్షులు, బీళ్ళు కనిపించాయి. తరువాత ఆ కిటుకును తైలవర్ణాలకు మళ్ళించాడు. కాన్వాసు మీద పొరలు పొరలుగా రంగు పూసి, దాని అడుగున ముతక వస్తువుల నుంచి, పైరంగును గీకివేసేవాడు. 1930ల చివర మరొక పద్ధతిని చేపట్టాడు: తడి రంగు మీద గాజుపలకనో కాగితాన్నో అదిమి పైకెత్తటం. ఎత్తేటప్పుడు సందులలో గాలి చొరబడుతుంది. జిగురైన రంగు వాగులుగా, కొమ్మలుగా, గుల్లలుగా చీలుతుంది. ఆరేసరికి అది పగుళ్ళువారిన కొండచరియ వలె నిలుస్తుంది.

ఇప్పుడు ప్రకృతి పనితనం చూడండి. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ పొడవు సుమారు 446 కిలోమీటర్లు. లోతు ఒకటిన్నర కిలోమీటరుకు పైమాటే. అడుగున బయటపడిన రాళ్ళ వయస్సు 170 కోట్ల సంవత్సరాలకు మించినది. ఆ లోయలోని రెండు మహాశిఖరాలు విష్ణు, శివ ఆలయాలనే పేర్లతో నేటికీ పిలువబడుతున్నాయి. ఆ వైభవానికి పాశ్చాత్యులకు సైతం మన దేవతల పేర్లే తోచాయన్నమాట. అక్కడ ప్రాచీన సముద్రాలు పొరలు పరచాయి, భారం వాటిని అదిమింది, నది గీకింది, గాలి రుద్దింది. మెత్తని పొర జారి వాలుగా మారింది. గట్టి పొర గోడగా మిగిలింది. పరచటం, అదమటం, గీకటం, రుద్దటం - ఎర్నస్ట్ చేతిపనులు కూడా ఇవే కదా!

అయితే ఈ విద్య ఆయనకు వినోదంగా సాగలేదు. 1937లో నాజీలు మ్యూనిక్‌లో పెట్టిన "భ్రష్టకళా" ప్రదర్శనలో ఆయన చిత్రం కూడా దూషణకు గురి అయింది. 1939లో యుద్ధం రాగానే, ఆశ్రయమిచ్చిన ఫ్రాన్సు ఆయనను శత్రుదేశీయుడని పట్టి, లే మిల్ అనే చోట ఇటుకలు, పెంకులు కాల్చే కార్ఖానాలో నిర్బంధించింది. పుట్టిన దేశానికి భ్రష్టుడు, చేరిన దేశానికి శత్రువు! ఆ రోజులలోనే "వర్షానంతరం ఐరోపా" అనే పటానికి పూనుకొన్నాడు. అదిమి ఎత్తిన రంగులతో ఖండమంతా శిథిల శిలారణ్యమై కనిపించే ఆ చిత్రం 1942లో అమెరికాలో పూర్తయింది.

ఆయన అమెరికా చేరినది 1941లో. ఆ సంవత్సరమే ఆరిజోనా గుండా మోటారుకారులో పోతూ ఒకచోట ఆగి, నిశ్చేష్టుడై నిలిచిపోయాడు. ఫ్రాన్సులో తాను పదే పదే చిత్రించిన నేల ఎదుట ఉన్నది! ఈ సంగతిని కుమారుడు జిమ్మీ ఎర్నస్ట్ తన స్మృతులలో వ్రాశాడు. 1946లో భార్య, చిత్రకారిణి డొరోతియా టానింగ్‌తో కలిసి ఆరిజోనాలోనే సెడోనా అనే ఎర్రకొండల ఊరిలో స్వయంగా ఇల్లు కట్టుకొన్నాడు. 1948లో సిమెంటుతో, పాత ఇనుపసామానుతో "మకరం" అనే శిల్పాన్ని ఆ పెరటిలో నిలిపాడు. కొమ్ముల రాజు, పక్కన రాణి, వెనుక కొండలు. అంతటి ఎడారిని తపాలా బిళ్ళంత చిత్రాలలో ఇమిడ్చి, వాటికి "సూక్ష్మజీవులు" అని పేరు పెట్టాడు. 1953లో ఫ్రాన్సుకు మరలిపోయాడు.

రంగు తానై చీలితే, గరుకు తానై తేలితే, ఇక చిత్రకారుని పాత్ర ఏమిటని సందేహం రావచ్చును. ప్రకృతి ఎంచుకోదు, చిత్రకారుడు ఎంచుకొంటాడు. యాదృచ్ఛికంగా ఏర్పడిన మచ్చలలో ఏది కొండో, ఏది కన్నో ఎర్నస్ట్ నిదానించి చూచేవాడు. పిమ్మట కుంచెతో చదునైన ఆకాశం పూసి, అక్కరలేని దానిని కప్పివేసి, కావలసిన శిలను వేరుచేసి నిలిపేవాడు. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ దుబుఫే కథ కూడా ఇందుకు సాక్ష్యం. ఇసుక, తారు, గులకరాళ్ళు కలిపిన మందపాటి ముద్దతో వేసిన పటాలను 1946లో పారిస్‌లో ప్రదర్శిస్తే అనేకులు పరిహసించారు. ఆయన సహారా ఎడారికి పయనమైనది ఆ మరుసటి సంవత్సరం. ఇసుక ముందు పటం మీదికి వచ్చింది. కాలు పిమ్మట ఎడారిలో పడింది.

నేడు రంగులో ఇసుక కలిపి, కత్తితో ఎత్తుపల్లాలు తీర్చి, కొండలోయలను దించే చిత్రకారులు దేశదేశాలలో ఉన్నారు. వారి పటాలలో కొన్ని గోడకు అలంకారమై ఊరుకొంటాయి. కొన్ని మనలను నిలబెడతాయి. భేదం ఇసుకలో లేదు. ఉపరితలం గరుకైనంత మాత్రాన లోతు రాదు. ఏ పొరను గీకాలో, ఏ పొరను మిగల్చాలో ఎరిగిన చేయి కావాలి.

సెడోనా కొండల ఎరుపు, ఇసుకరేణువులకు పట్టిన ఇనుపతుప్పు. మన గడపలకు, గోడలకు పూసే జేగురు ఎరుపు కూడా ఆ తుప్పుదే. చిత్రకారుని పళ్ళెంలోని ఎర్రమన్నూ అదే. కొండను, రంగును ఏ వస్తువుతో చేశారో ఆ వస్తువొక్కటే అయినపుడు, కన్ను చూడకముందే చేయి కొండను కనుగొన్నదంటే నమ్మశక్యం కానిదేమున్నది?