థర్మోకోల్ పలకలకు తూకమే కొలత

కోటబొమ్మాళి: రేకుల కప్పు కింద, శ్లాబు కింద వేడి తగ్గించేందుకు వాడే థర్మోకోల్ పలకలను చిల్లర బజారులో సాధారణంగా మందాన్ని బట్టి బేరమాడుతుంటారు. వర్తకునికి నష్టం వచ్చేది ఈ లెక్కలోనే.

ఈ సరుకు మూలం ముడి చమురు. చమురు శుద్ధిలో వచ్చే నాఫ్తా నుండి బెంజీన్, ఇథిలీన్ తీస్తారు. ఆ రెండూ కలిపి స్టైరీన్, దాని నుండి పాలిస్టైరీన్ గింజలు తయారవుతాయి. గింజల్లో ఇమిడ్చిన పెంటేన్ నీటి ఆవిరి తగిలి వ్యాకోచించగా, గింజ 40 రెట్ల దాకా ఉబ్బుతుంది. తయారైన దిమ్మలో నూటికి 98 పాళ్లు గాలే. వేడిని ఆపేది ఆ గాలి. ఖరీదు మాత్రం మిగిలిన 2 పాళ్లది.

కనుక పలకను తూచి కొనాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4671 ఈ సరుకుకు ఘనపు మీటరుకు 15 కిలోల నుండి తరగతులు నిర్ణయించింది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం గల పలక 15 కిలోల రకమైతే 375 గ్రాములు, 20 కిలోల రకమైతే 500 గ్రాములు తూగాలి. 250 గ్రాములే తూగితే అది 10 కిలోల నాసిరకం. కంటికి తేడా తెలియదు గాని, సరుకులో మూడో వంతు అక్షరాలా గాలికి పోయినట్లే!

కిరాయి సంగతీ ఇంతే. 40 ఘనపు మీటర్ల లారీ నిండినా 15 కిలోల రకం 600 కిలోలకు మించదు. అద్దె పూర్తి లారీకి పడుతుంది. అందుకే దూరాలకు గింజలు వెళ్తాయి, దిమ్మలు బజారుకు దగ్గరలో పోస్తారు.

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా ఏర్పడి, 1997లో ఎల్.జి. చేతికి వచ్చిన సంస్థ పాలిస్టైరీన్ తయారుచేసేది. 2020 మే 7న అక్కడి ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు, ఉత్పత్తి ఆగింది. స్టైరీన్‌కు దేశం ఏళ్ల తరబడి దిగుమతుల మీదే ఆధారపడింది. కాబట్టి స్టాకిస్టులు క్రూడు ధర ఒక్కటే కాక బెంజీన్ ధరను, డాలరు మారకాన్ని కూడా గమనిస్తుంటారు.

నిల్వలో పెట్రోలు, థిన్నరు దరిచేరనీయరాదు. తగిలితే పలక కరిగిపోతుంది. నిప్పుకు త్వరగా అంటుకొనే సరుకు గనుక, ఇంటి పనికి మంటను అడ్డుకొనే రకాన్నే అడిగి తెప్పించుకోవాలి.