పసుపూ వద్దు.. పరిమళమూ వద్దు! సున్నితమైన చర్మానికి ఇంటి సబ్బు

సబ్బు కొనేటప్పుడు మనం చేసే మొదటి పని ఏంటి? రేపర్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం! మా చెల్లికి ఆ వాసనే పడదు. స్నానం చేసి బయటికొస్తే చాలు, మోచేతి మడతల్లో, మెడ దగ్గర ఎర్రగా దద్దుర్లు. గోకీ గోకీ మచ్చలు పడిపోయాయి. మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని కాలేజీకి వెళ్లేది. ఓసారి బస్సులో పక్క సీటావిడ "ఇది అంటుకుంటుందా అమ్మా?" అని అడిగి మరీ జరిగి కూర్చుందట. ఆ రోజు నుంచి అది బస్సెక్కితే కిటికీ పక్కన ముడుచుకుని కూర్చోవడమే.

స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే ఎగ్జిమా అన్నారు. అంటువ్యాధి కాదు. క్రీమ్ రాసిచ్చి, పెర్ఫ్యూమ్ లేని సబ్బు వాడమన్నారు. మెడికల్ షాపులో అలాంటి బిళ్ల ఒక్కోటి రెండొందలు దాటింది. హాస్టల్లో ఉండే పిల్లకి నెలకి రెండు బిళ్లలంటే మాటలా? "సున్నిపిండి ఉందిగా" అంది అమ్మ. మంచిదే, కానీ గరుకు. మంటగా ఉన్న చర్మం మీద రుద్దితే ఇంకా రేగుతుంది. పైగా హాస్టల్ బాత్రూమ్ ముందు క్యూ ఉంటే పిండి కలుపుకునే తీరిక ఎవరికుంది!

అలా నేను సబ్బు తయారీలో దిగాను. ఫోన్ తెరిస్తే బోలెడు వీడియోలు. పసుపు, నిమ్మరసం, గులాబీ రేకులు, పది చుక్కల లావెండర్ ఆయిల్.. వంట చేస్తున్నారా, సబ్బు చేస్తున్నారా అన్న అనుమానం వస్తుంది. సున్నితమైన చర్మానికి ఇవేవీ అక్కర్లేదు. చర్మ అలర్జీలు తెప్పించే వాటిలో సువాసన ద్రవ్యాలు ముందుంటాయి. ఎసెన్షియల్ ఆయిల్స్ మొక్కల నుంచి వచ్చినా ఆ జాబితాలోనే ఉన్నాయి. 'నేచురల్' అన్న మాట చర్మానికి తెలీదు కదా. అందుకే నా సబ్బులో రంగు లేదు, వాసన లేదు. ఖర్చూ అక్కడే తగ్గింది.

కావాల్సింది మూడే: నూనెలు, నీళ్లు, కాస్టిక్ సోడా. నేను వాడే కొలత ఇదీ: కొబ్బరినూనె 200 గ్రాములు, తవుడు నూనె 250, ఆముదం 50, కాస్టిక్ సోడా 70, నీళ్లు 160 గ్రాములు. కొబ్బరినూనె నురగనీ గట్టిదనాన్నీ ఇస్తుంది. కానీ అదొక్కటే వాడితే చర్మం పొడిబారుతుంది. అందుకే చవగ్గా దొరికే తవుడు నూనె ఎక్కువ వేశాను. ఈ నూనెలన్నీ సబ్బుగా మారడానికి 76 గ్రాముల సోడా పడుతుంది. మనం 70 వేస్తున్నాం కాబట్టి 8 శాతం దాకా నూనె అలాగే మిగిలిపోయి చర్మానికి కాస్త మెత్తదనం ఇస్తుంది. నూనె మారిస్తే సోడా లెక్కా మారిపోతుంది. కొలత గ్రాముల్లోనే, డిజిటల్ కాటా మీదే. గ్లాసులు, చెంచాల లెక్క పనికిరాదు.

ఇక సోడా సంగతి కాస్త ఆగి చదవండి. ఇది ఒంటి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు, ఫుల్ హ్యాండ్స్ తప్పనిసరి. పిల్లలు ఆ గదిలోకే రాకూడదు. నీళ్లలో సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా చిమ్ముతుంది. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం వద్దే వద్దు. కలపగానే సలసల వేడెక్కి ఆవిరి వస్తుంది. కిటికీ తీసి, మొహం దూరంగా పెట్టండి. చేతి మీద పడితే నిమ్మకాయ, వెనిగర్ అంటూ వెతక్కుండా కనీసం 15 నిమిషాలు కుళాయి కింద పెట్టి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంట్లో పడితే కడుగుతూనే హాస్పిటల్‌కి బయల్దేరే ఏర్పాటు చూసుకోవాలి. డ్రైనేజీ శుభ్రం చేసే పౌడర్లలో వేరేవి కూడా కలుస్తాయి, అవి వాడొద్దు. ఇదంతా చదివి భయమేస్తే రెడీమేడ్ సోప్ బేస్ కొని కరిగించి పోసుకోండి. ఖర్చు పెరుగుతుంది, కానీ సోడా జోలికి వెళ్లక్కర్లేదు.

సోడా నీళ్లు, నూనెలు రెండూ గోరువెచ్చగా అయ్యాక కలిపి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పాలి. పల్చటి దోసెపిండిలా చిక్కబడి, పైన గీత గీస్తే నిలబడిందంటే అయిపోయినట్టే. బటర్ పేపర్ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఒకట్రెండు రోజులు కదపకండి. గట్టిపడ్డాక గ్లవ్స్‌తోనే కోసి, గాలి తగిలే చోట 4 నుంచి 6 వారాలు ఆరబెట్టాలి. లోపల ఎక్కడైనా తెల్లని గడ్డలో, కారే నీళ్లో కనిపిస్తే ఆ బిళ్లలు ఒంటికి వాడొద్దు. ఆ బ్లెండర్, గిన్నెలు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

ఖర్చంటారా? ముడిసరుకు రెండొందల లోపే అయింది, 7 బిళ్లలు వచ్చాయి. కాటా, కళ్లద్దాలు కొనాలంటే అవి వేరే. ఒక్కసారి చేసి వదిలేసేవాళ్లకి ఇది ఏమంత లాభం కాదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటే, ఇంట్లో చేసినా ఫ్యాక్టరీలో చేసినా అసలు సిసలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. అందుకే పగిలి రసి కారుతున్న చోట ఇది పెట్టకూడదు. ఎగ్జిమాకి ఇది మందు కాదు. చెల్లి కూడా దద్దుర్లు తగ్గాక, డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టింది. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి కడిగి, రెండు మూడు రోజులు చూసింది. క్రీమ్ మానలేదు. స్నానం అవగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తోంది. "ఒళ్లు బిగుసుకుపోయినట్టు ఉండట్లేదక్కా" అని ఫోన్ చేసింది. మొన్న పండక్కి వచ్చినప్పుడు హాఫ్ హ్యాండ్స్ వేసుకుని బస్సు దిగింది. నేనేం అనలేదు, అదీ ఏం చెప్పలేదు.

తవుడు నూనె సబ్బు ఎక్కువ కాలం నిలవ ఉండదు. నారింజ రంగు మచ్చలు, ముక్కవాసన వస్తే మార్చేయాలి. మాకు ఆ బాధే రాలేదు, మూడు బిళ్లలు రూమ్మేట్లే పట్టుకుపోయారు. వచ్చే నెల నూనె కిలో తీసుకుంటున్నా, సోడా 140 గ్రాములు.