మీకు తెలుసా? ఎముక విరుగకయే చేయి చచ్చుబడవచ్చును

బెంగుళూరునుండి పెనుకొండ మీదుగా సాగిపోవు 44వ నంబరు జాతీయ రహదారిపై వేగముగా పోవు మోటారుసైకిలు బోల్తాపడి, పడినవాని తల యొకవైపునకును భుజ మింకొకవైపునకును ఒరిగిపోయినచో, మెడలో వెన్నుపామునుండి వెలువడి చంకలోనికి దిగు నరముల అయిదు మూలములు సాగుటయో, తెగుటయో, సమూలముగ ఊడివచ్చుటయో సంభవించును. ఎముక యొక్కటియు విరుగకున్నను చేయి వ్రేలాడిపోవచ్చును.

కారు ప్రమాదమున దండచేయి ఎముక నడుమ విరిగినప్పటి కథ వేఱు. ఆ యెముకను చుట్టుకొనిపోవు నరము దెబ్బతిని మణికట్టు వ్రాలిపోవును. పిడికిలి గట్టిగా బిగియదు, వ్రేళ్లు విచ్చుకొనవు. ధర్మవరపు పట్టుమగ్గము ముందు కూర్చున్న నేతగానికి అట్టి చేతితో తెగిన పోగు నతుకుటయే దుర్లభము. అయినను ఈ నరము పెక్కుమందికి కొన్ని మాసములలో తనంతట కోలుకొనును.

తిరిగి మొలచు నరము దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే సాగును. అది చేరులోపల ఏడాది, ఏడాదిన్నర గడచినచో కండరమే స్పందనశక్తిని కోల్పోవును. కావున మడకశిరలోనైనను హిందూపురములోనైనను తైలమర్దనములతో నెలలు గడపుట (మనవారి కిది అలవాటే) నష్టదాయకము. శస్త్రచికిత్స అవసరమైనచో సాధారణముగా ఆఱు మాసములలోపుననే జరుగవలెను. చిటికెనవ్రేలివైపు నరములోని యొక పాయను మోచేతిని వంచు కండరపు నరమునకు కలుపు పద్ధతిని 1994లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఒబెర్లిన్ ప్రకటించెను. పాయ నిచ్చిన నరమునకు సాధారణముగా చెప్పుకోదగిన లోటు కలుగదు.