చక్రాల మీద ఇల్లు

ఇల్లు మారటమంటే మనకందరికీ తెలిసిన పనే. సామానంతా మూటలు కట్టి లారీకెత్తించి, కొత్త ఇంటి ముందు దింపించి, పాలు పొంగించుకుంటాం. మరి ఆ లారీయే ఇల్లయితే? దింపే పనే లేకపోతే ఎంత హాయి అనిపిస్తుంది కదూ! నాకూ మొదట అలాగే అనిపించింది.

మొన్న మా ఆత్మకూరు వెళ్ళాను. ఆత్మకూరులు చాలా ఉన్నాయి లెండి. మాది వనపర్తి జిల్లాలో, జూరాల ఆనకట్టకు దగ్గరిది. మా తమ్ముడి పాత లారీ కిరాయిలు లేక వాకిట్లో నిలబడి ఉంది. "అక్కా, దీన్నే ఇల్లు చేస్త. అందరం కాశీకి పోదం" అన్నాడు. మా కొత్తకోట మీదుగా పోయే పెద్దరోడ్డు ఒకప్పుడు ఏడో నంబరు రోడ్డు. కాశీకీ కన్యాకుమారికీ నడుమ పరచిన రోడ్డు అది. వాడికి ఆ ఊహ రావటంలో వింత లేదు. మా మరదలు మాత్రం ఒక్కటే అడిగింది: "అన్నీ బాగనే ఉన్నయి గని, నేను తానం యాడ జెయ్యాల వదినా?"

ఆ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని మా పాలమూరు ఆడవాళ్ళకు అది పాత ప్రశ్న. ఆనకట్టలూ కాలువలూ కట్టే పనులకు మా వైపు కూలీలు పిల్లాపాపలతో, వంటగిన్నెలతో లారీలెక్కి దేశమంతా తిరిగారు. దారి పొడుగునా లారీయే వాళ్ళకు ఇల్లు. మగవాళ్ళు ఎక్కడైనా దిగేవారు. ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఓర్చుకునేవారు. ఇప్పటికీ దూర ప్రయాణంలో మంచినీళ్ళు తాగటానికి జంకని ఆడది మనలో ఎంతమంది? అందుకే నేనంటాను, చక్రాల మీద ఇల్లంటే ముందు తలుపు గడియ పడే ఒక స్నానాలగది. సోఫాలూ, టీవీలూ ఆ తర్వాత.

మన తెలుగువాళ్ళకు ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించి 'చైతన్య రథం' అని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా చాలావరకు అందులోనే. జర్మనీలో పాత ఫైరింజన్లనూ, మిలిటరీ లారీలనూ కొని ఇళ్ళుగా మార్చుకునేవారు ఎందరో ఉన్నారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. మా తమ్ముడిది ముక్కులేని లారీ. అంటే ఇంజను ముందుకు పొడుచుకుని ఉండదు, డ్రైవరు సీటు కింద ఉంటుంది. ఇంజను బాగుచేయాలంటే క్యాబిను మొత్తాన్ని ముందుకు వంచాలి. కనుక వెనక కట్టే గదిని క్యాబినుకు గట్టిగా అతికించకూడదు. మధ్యలో దారి కావాలనుకుంటే, రైలు పెట్టెల నడుమ ఉంటుందే, ఆ మడతల సంచీ లాంటిది పెట్టి, విప్పుకునేటట్లు ఉంచాలి.

రెండో సంగతి. గుంటల రోడ్డు మీద లారీ ఛాసి నులక మంచంలా కొంచెం మెలితిరుగుతుంది. అలా తిరిగేటట్లే దాన్ని చేస్తారు. గదిని నాలుగు మూలలా కదలకుండా బిగిస్తే గోడలు పగుళ్ళిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకని స్ప్రింగుల మీదనో, మూడు చోట్ల ఆనేటట్లో నిలబెడతారు. సరుకు లారీ కమాన్ కట్టలు టన్నుల బరువుకు చేసినవి. తేలికపాటి గది పెడితే బండి ఎగిరెగిరి పడుతుంది, లోపల గిన్నెలన్నీ తాళం వేస్తాయి. ఇవి తెలిసిన మేస్త్రీ చేయాల్సిన పనులు.

మిగతావన్నీ మనకు తెలిసినవే! నీళ్ళ సంగతి చూడండి. లీటరు నీళ్ళు కిలో బరువు. మనిషికి రోజుకు ముప్ఫై లీటర్లు పొదుపుగా వాడినా, నలుగురికి రెండు రోజులకు 240 లీటర్లు, అంటే 240 కిలోలు. నిండు బిందె నెత్తిన కుదురుగా నిలుస్తుంది, సగం బిందె మెడను అటూ ఇటూ లాగుతుంది. అందుకే పల్లెల్లో బిందెలో నాలుగాకులు వేస్తారు. లారీ ట్యాంకుకూ అంతే, లోపల అడ్డు పలకలుండాలి. లేకపోతే మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకు పోయి బండిని లాగుతాయి. ట్యాంకును కిందుగా, ముందు వెనక చక్రాల నడుమ పెట్టాలి. బియ్యం, పప్పుల డబ్బాలు కింది అరల్లో, బట్టలు పై అరల్లో. ఒక పక్క వంటిల్లు, ఫ్రిజ్జు పెడితే రెండో పక్క దానికి సరిపడే బరువుండాలి, కావడిలాగ.

నిప్పు దగ్గర మాత్రం లెక్క తప్పకూడదు. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీద పరచుకుంటుంది. పై కిటికీ తెరిచినంత మాత్రాన పోదు. సిలిండరును బయటికి తెరుచుకునే వేరే పెట్టెలో, అడుగున గాలి రంధ్రాలుంచి పెట్టాలి. బండి కదిలేముందు కట్టేయాలి. చలికని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూయటం ప్రాణాల మీదికి తెచ్చుకోవటమే. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ముంచేస్తుంది. లైట్లకూ ఫ్రిజ్జుకూ వేరే బ్యాటరీ ఉండాలి. ఇంజను బ్యాటరీనే వాడితే తెల్లారి బండి కదలదు.

దారి ఒకటి చాలదు, రెండుండాలి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మా కొత్తకోట దగ్గర పాలెం వద్ద ఒక బస్సు తగలబడి 45 మంది పోయారు. ఆ రోడ్డున పోయినప్పుడల్లా నా గుండె జలదరిస్తుంది. పడుకునే చోటికి దగ్గరలో, పిల్లవాడు కూడా లోపలినుంచి తీయగల కిటికీ గాని తలుపు గాని తప్పనిసరి. బండి నడుస్తున్నంతసేపూ అందరూ బెల్టు కట్టుకుని సీట్లలో కూర్చోవాలి. మంచమెక్కేది బండి ఆగాకనే.

అన్నిటికంటే ముందు చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారు చేసినవారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరే ఉంది. కనుక వెల్డింగు వాడిని పిలవటానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. బీమావాళ్ళకు చెప్పకుండా మారిస్తే, ఏదైనా జరిగిన నాడు పరిహారం దగ్గర పేచీ.

ఇవన్నీ విని మా తమ్ముడి ముఖం చిన్నబోయింది. "అయితే వద్దంటవా అక్కా?" అన్నాడు. వద్దనలేదు. ఖర్చులేని పని ఒకటి చెప్పాను. లారీ వెనక భాగం పదిహేడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అంటే మన ఇళ్ళల్లో ఒక మామూలు పడకగదంత. మా మరదలు వాకిట్లో ఆ కొలతకు ముగ్గు గీసింది. మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, స్నానాలగది, అన్నీ గీతల్లోనే. ఆ ఆదివారం నలుగురూ గీత దాటకుండా ఉన్నారు. మధ్యాహ్నానికే తెలిసింది, స్నానాలగది తలుపు తీస్తే పొయ్యి దగ్గరి మనిషికి తగులుతుందని. రాత్రి తెలిసింది, మంచం మీది పిల్లవాడు లేవాలంటే తల్లిని దాటాలని. ముగ్గు చెరిపి మళ్ళీ గీశారు. ఇనుము కోశాక తెలిస్తే ఎంత నష్టం!

మా తమ్ముడు ఆ కొలతలన్నీ కాగితం మీద రాసుకుని, పాత లారీని కోయకుండా ముందు వనపర్తి కార్యాలయానికి వెళ్ళాడు. అనుమతి వస్తుందో, కొత్త ఛాసి కొనాలో, కొన్నాళ్ళు అద్దె కారవానుతో సరిపెట్టుకోవాలో తేలాక నడుద్దామన్నాడు. నాకు సంతోషమే. కాశీ ఎక్కడికీ పోదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాంటి ముచ్చట ఎత్తితే నవ్వి తోసేయకండి. ముగ్గుపిండి తీసుకుని వాకిట్లోకి రండి. మా మరదలు గీసినట్టే మొదటి గీత స్నానాలగదికి గీయండి.