భావనపాడు తీరానికి ఢిల్లీ కమిటీతో ఏంటి సంబంధం? లైవ్‌లో కనిపించని ఆ గదిలో ఏం జరుగుతుందంటే..

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడు. ఒకవైపు సముద్రం, మరోవైపు నౌపడ ఉప్పు మడులు, కాకరాపల్లి తంపర భూములు. ఇంకాస్త లోపలికి వెళ్తే ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం. ఉద్దానం తీరంలో చేపల వేట, ఉప్పు, వరి, కొబ్బరి, జీడి.. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతున్నాయి.

ఈ తీరానికి ఓ థర్మల్ ప్లాంట్ వచ్చింది. ఆ తర్వాత పోర్టు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఊళ్లలో వినిపించిన ప్రశ్న ఒక్కటే. "అనుమతి ఎవరిచ్చారు?" దీనికి జవాబు అందరికీ తెలుసు. కేంద్ర పర్యావరణ శాఖ. కానీ ఆ శాఖ ఏ చట్టం ప్రకారం అనుమతి ఇస్తుంది? ఆ చట్టంలో ఏముండాలో ఎవరు చూస్తారు? అసలు కథ అక్కడే ఉంది. పార్లమెంటులో ఓటింగ్ కంటే ముందే, కెమెరాలు లేని ఓ గదిలో కొంతమంది ఎంపీలు కూర్చుని ఆ పని చేస్తారు. దాన్నే పార్లమెంటరీ స్థాయీ సంఘం, అంటే స్టాండింగ్ కమిటీ అంటారు.

బీల నుంచి తంపర దాకా.. అసలేం జరిగింది?

2010 జూలై 14. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంట్ వద్దంటూ జనం రోడ్డెక్కారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంట్‌కు అప్పటికే కేంద్ర పర్యావరణ అనుమతి ఉంది. కాల్పులు జరిగిన ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేలను పనికిరాని భూమిగా చూపించారన్నది అక్కడి జనం మొదట్నుంచీ చెబుతున్న మాట.

ఏడాది కూడా తిరగలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. అక్కడ భావనపాడు థర్మల్ ప్రాజెక్టు, తంపర భూముల గొడవ. ఇక్కడా ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పనులు ఆపాలని కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశించింది. అప్పుడు ఆ శాఖ మంత్రి జైరాం రమేశ్. ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లిన నేత.

ఆ తర్వాత పోర్టు వంతు. భావనపాడు పోర్టుగా మొదలైన ప్రతిపాదన చివరికి మూలపేట పోర్టుగా మారింది. 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్ రెడ్డి దానికి శంకుస్థాపన చేశారు. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వాళ్లు ఊరు వదలాల్సి వచ్చింది.

మూడు చోట్లా చివరి సంతకం ఢిల్లీదే. ఆ సంతకానికి ఆధారమైన చట్టాలూ ఢిల్లీలోనే పుట్టాయి.

ఏమిటీ కమిటీ? ఎవరుంటారు?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఒక్కో ప్రాజెక్టును చూసి అనుమతి ఇవ్వొచ్చో లేదో చెప్పేది పర్యావరణ శాఖలోని నిపుణుల కమిటీ. అది వేరు. పార్లమెంటరీ కమిటీ ఏ ఒక్క ప్రాజెక్టుకూ అనుమతి ఇవ్వదు, రద్దు చేయదు. అది చూసేది చట్టాన్ని, బడ్జెట్‌ను, శాఖ పనితీరును.

శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి. ఇప్పుడు మొత్తం 24 ఉన్నాయి. పర్యావరణం, అడవులు, వాతావరణ మార్పులతో పాటు సైన్స్ అండ్ టెక్నాలజీ, అణు ఇంధనం, అంతరిక్షం లాంటి శాఖలను చూసే కమిటీ రాజ్యసభ పరిధిలో పనిచేస్తుంది. ఇందులో 31 మంది సభ్యులు ఉంటారు. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు చోటు లేదు. అధికార పక్షం, ప్రతిపక్షం పక్కపక్కనే కూర్చుంటాయి. సభలో మాదిరి పార్టీ విప్ ఇక్కడ పనిచేయదు. సమావేశాలకు మీడియాను రానివ్వరు. నివేదిక మాత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది.

బిల్లు కమిటీకి వెళ్తే ఏమవుతుంది?

పర్యావరణ శాఖ ఒక బిల్లు తెచ్చిందనుకుందాం. సభాధ్యక్షులు దాన్ని కమిటీకి పంపితే పని ఇలా నడుస్తుంది.

- ముందుగా శాఖ కార్యదర్శి, అధికారులు వచ్చి బిల్లు ఎందుకు తెచ్చారో చెప్పాలి. ఎంపీలు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవ్వాలి.
- పత్రికల్లో ప్రకటన ఇచ్చి ప్రజల అభిప్రాయాలు కోరతారు. దీనికి సాధారణంగా 15 రోజుల గడువు ఉంటుంది.
- నిపుణులు, సంఘాలు, రాష్ట్ర ప్రభుత్వాల వాదన వింటారు. అవసరమైతే క్షేత్ర పర్యటనకూ వెళ్తారు.
- బిల్లును క్లాజుల వారీగా చూసి నివేదిక ఇస్తారు. ఒప్పుకోని ఎంపీ తన అసమ్మతిని రాతపూర్వకంగా జత చేయొచ్చు.

కమిటీ చెప్పింది ప్రభుత్వం చేసి తీరాలని లేదు. అది సిఫార్సు మాత్రమే. మరి అలాంటప్పుడు ఉపయోగం ఏంటి? దానికి జవాబు కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది.

500 కోట్లు.. 1,500 కోట్లు ఎలా అయ్యాయి?

రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం పెట్టాలన్నది కేంద్రం ప్రతిపాదన. అణు ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది చెప్పడానికి 2010 మే నెలలో ఒక బిల్లు లోక్‌సభకు వచ్చింది. ప్లాంట్ నడిపే సంస్థ బాధ్యతకు అందులో 500 కోట్ల రూపాయలే పరిమితి. బాధితులు పరిహారం అడగడానికి గడువు పదేళ్లే.

బిల్లు ఈ స్థాయీ సంఘానికి వెళ్లింది. అప్పుడు ఛైర్మన్ ఆంధ్రప్రదేశ్ రాజ్యసభ సభ్యుడు టి. సుబ్బరామిరెడ్డి. ఆగస్టు 18న నివేదిక వచ్చింది. బాధ్యతను 1,500 కోట్లకు పెంచాలని, గడువును 20 ఏళ్లు చేయాలని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకుంది. చట్టంలో ఆ అంకెలే వచ్చాయి. రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి పదేళ్లు, 20 ఏళ్లు అన్న తేడా మామూలుది కాదు. ధర్నా లేదు, కోర్టు లేదు. ఓ కమిటీ నివేదికతో మారిన విషయం ఇది.

తాబేళ్ల జాబితా నుంచి.. చెత్తబుట్ట దాకా

ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటిని చంపితే జైలే. ఎందుకంటే అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 2021 డిసెంబరులో ఈ చట్టాన్ని సవరిస్తూ ఆరు షెడ్యూళ్లను నాలుగుకు తగ్గించే బిల్లు వచ్చింది. అప్పటికి కమిటీ ఛైర్మన్‌గా ఉన్నది జైరాం రమేశ్. జాబితాల్లో చేరాల్సిన కొన్ని జీవులు తప్పిపోయాయని కమిటీ ఎత్తిచూపింది. వినడానికి చిన్న విషయమే. కానీ జాబితాలో పేరు లేని జీవికి చట్టంలో రక్షణ కూడా ఉండదు. కమిటీ 2022 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో బిల్లు పాసైంది.

కొన్నిసార్లు కమిటీ పని ఆపడం కూడా. 2014లో కేంద్రం మాజీ కేబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్ నేతృత్వంలో ఉన్నతస్థాయి కమిటీ వేసింది. పర్యావరణ చట్టాలను తిరగరాయడానికి ఆ కమిటీ కొద్ది నెలల్లోనే సిఫార్సులు ఇచ్చేసింది. 2015 జూలైలో అశ్వనీ కుమార్ ఛైర్మన్‌గా ఉన్న స్థాయీ సంఘం దాన్ని తప్పుబట్టింది. ఇంత ముఖ్యమైన చట్టాలను అంత తక్కువ సమయంలో సమీక్షించడం సరికాదని, ఆ నివేదిక ఆధారంగా ముందుకు వెళ్లొద్దని చెప్పింది. ఆ నివేదిక సూచించిన కొత్త గొడుగు చట్టం ఆ రూపంలో రానేలేదు.

మరి తప్పించుకునే దారులు లేవా? ఉన్నాయి!

మొదటి దారి: బిల్లును వేరే కమిటీకి పంపడం. 2023 మార్చిలో అటవీ సంరక్షణ సవరణ బిల్లు వచ్చింది. రికార్డుల్లో అడవిగా లేని భూములను చట్టం నుంచి తప్పించడం లాంటి కీలక మార్పులు అందులో ఉన్నాయి. దాన్ని స్థాయీ సంఘానికి కాకుండా, బీజేపీ ఎంపీ రాజేంద్ర అగ్రవాల్ నేతృత్వంలో వేసిన సంయుక్త కమిటీకి పంపారు. జైరాం రమేశ్ దీనిపై అభ్యంతరం తెలిపారు. జూలై 20న ఆ కమిటీ ఒక్క మార్పు కూడా సూచించకుండా నివేదిక ఇచ్చింది. ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి రాశారు. ఆగస్టు 2 కల్లా రెండు సభల్లోనూ బిల్లు పాసైపోయింది. అంటే నివేదిక వచ్చిన 13 రోజుల్లోనే.

రెండో దారి: అసలు ఏ కమిటీకీ పంపకపోవడం. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో అది 16 శాతానికి పడిపోయింది.

మూడో దారి అన్నిటికంటే ముఖ్యమైనది. భావనపాడుకు నేరుగా తగిలేదీ ఇదే. అదే నోటిఫికేషన్. తీరంలో ఎక్కడ కట్టొచ్చు, ఎక్కడ కట్టకూడదు అని చెప్పే తీరప్రాంత నియంత్రణ మండలి రూల్స్, అంటే సీఆర్‌జెడ్, పార్లమెంటు పాస్ చేసిన చట్టం కాదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఇచ్చిన అధికారంతో శాఖ జారీ చేసే నోటిఫికేషన్. ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని చెప్పే 2006 ఈఐఏ రూల్స్ కూడా అంతే.

తేడా ఎంత ఉంటుందో చూడండి. 2011 సీఆర్‌జెడ్ రూల్స్ ప్రకారం గ్రామీణ తీరంలో సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం. 2019 జనవరిలో వచ్చిన కొత్త రూల్స్‌లో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న గ్రామీణ తీరాల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించే వీలు కల్పించారు. మిగతా చోట్ల 200 మీటర్లే. 150 మీటర్ల తీరం! పడవలు లాగే చోటు, వలలు ఆరబెట్టే చోటు, తాబేలు గుడ్లు పెట్టే చోటు అదే కదా. ఇంత పెద్ద మార్పుకు బిల్లు అక్కర్లేదు, సభలో ఓటింగ్ అక్కర్లేదు. స్థాయీ సంఘం శాఖ బడ్జెట్ చూసేటప్పుడు ప్రశ్నలు అడగొచ్చు, విడిగా నివేదిక ఇవ్వొచ్చు. క్లాజుల వారీగా సరిచేసే అవకాశం మాత్రం ఉండదు.

తీరప్రాంత జనం ఏం చేయొచ్చు?

కమిటీ అభిప్రాయాలు కోరినప్పుడు ఎవరైనా రాయొచ్చు. మత్స్యకార సహకార సంఘమైనా, గ్రామ పంచాయతీ అయినా, మామూలు మనిషైనా సరే. ఇబ్బందల్లా ఏంటంటే, మెమోరాండం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో అడుగుతారు. గడువు రెండు వారాలే. ఢిల్లీలో ప్రకటన వచ్చిందని సంతబొమ్మాళిలో తెలిసేలోపే ఆ గడువు అయిపోవచ్చు. అందుకే జిల్లా నుంచి, రాష్ట్రం నుంచి వెళ్లిన ఎంపీల్లో ఈ కమిటీలో ఎవరున్నారో తెలుసుకోవడం ముఖ్యం. కమిటీలు ఏటా కొత్తగా ఏర్పాటవుతాయి కాబట్టి పేర్లు మారుతుంటాయి.

ఇంకొకటి. కమిటీ సిఫార్సులపై ఏం చేశారో ప్రభుత్వం తిరిగి చెప్పాలి. ఒప్పుకోకపోతే కారణం రాయాలి. ఆ జవాబులపై కమిటీ మళ్లీ నివేదిక ఇస్తుంది. వీటన్నిటినీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. సభలో ఓట్లడిగే నేతను, మీ పార్టీ ఎంపీ ఆ గదిలో ఏం మాట్లాడారని అడగడానికి అవి పనికొస్తాయి.

ఇక ఇప్పటికే అనుమతి వచ్చేసిన ప్రాజెక్టుల సంగతి వేరు. వాటిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. సోంపేట అనుమతిని రద్దు చేసిన పాత అప్పీలు సంస్థ స్థానంలో 2010 అక్టోబరులో వచ్చింది ఇదే. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచ్ చూస్తుంది. అనుమతిపై అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు.

సోంపేటలో, కాకరాపల్లిలో జనం మాట ఢిల్లీకి వినపడింది ప్రాణాలు పోయాకే. బిల్లు కమిటీ గదిలో ఉన్నప్పుడే ఆ మాట చేరితే అంత దూరం రాదు. అందుకే ఏదైనా పర్యావరణ బిల్లు పేరు వార్తల్లో వినిపిస్తే తీరప్రాంత జనం ముందుగా తెలుసుకోవాల్సింది ఒక్కటే.. అది కమిటీకి వెళ్లిందా, లేదా?