కార్బన్ బ్యాట్ కొన్నా.. నా ఆట మాత్రం పడిపోయింది!

ఫోన్ అయితే స్పెక్స్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటాం కదా. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కీ నేను అదే లెక్క వేశా. ఏడాది ఆడాక రెడీమేడ్ బ్యాట్ పక్కన పెట్టి కార్బన్ బ్లేడ్, 2.1 ఎంఎం స్పాంజ్ ఉన్న ఫాస్ట్ రబ్బర్లు తీసుకున్నా. ఫలితం? కొట్టిన ప్రతి బంతీ టేబుల్ దాటేది. అవుట్ అవుతుందన్న భయంతో చెయ్యి పూర్తిగా ఊపడమే మానేశా. రోజూ నా చేతిలో ఓడే కుర్రాడు 3-0తో నన్ను ఓడించాడు.

కారణం సింపుల్. కార్బన్ బ్లేడ్ గట్టిగా ఉంటుంది, బంతి తగలగానే వదిలేస్తుంది. స్ట్రోక్ ఇంకా కుదరని చేతికి దాన్ని అదుపు చేయడం కష్టం.

మరి ఏం కొనాలి?

బ్లేడ్: 5 పొరల ఆల్‌వుడ్, ఆల్‌రౌండ్ రకం. ఉదాహరణకి స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్.

రబ్బర్: 1.8 నుంచి 2.0 ఎంఎం స్పాంజ్ చాలు. 1969 నుంచి ఉన్న యసాకా మార్క్ వి ఇప్పటికీ మంచి ఆప్షనే.

టోర్నీలు ఆడాలంటే: రబ్బర్ మీద ఐటీటీఎఫ్ గుర్తు చూసుకోండి. ఒకవైపు నలుపు తప్పనిసరి.

అప్‌గ్రేడ్: ముందు ఫోర్‌హ్యాండ్ రబ్బర్ ఒక్కటే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే తేడా ఎక్కడొచ్చిందో తెలీదు. బ్లేడ్ సంగతి చివర్లో.

నేను ఆల్‌వుడ్‌కి మారి రెండు నెలలైంది. మొన్న అదే కుర్రాడితో 3-2తో ఓడా. కానీ ఈసారి ఏ బంతికీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కార్బన్ బ్లేడ్ ఇంకా కవర్‌లోనే ఉంది, అమ్మలేదు. దాని టైమ్ వస్తుంది.